ఐఫోన్ కొనేముందు మీ బ్యాంకు గేటును మ్యాప్‌లో పెట్టుకోండి

ప్రశ్న: నా వయసు 24. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ) అనే కంటిజబ్బు వల్ల చూపు దాదాపు పోయింది. వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. ఈమధ్యే ప్రభుత్వరంగ బ్యాంకులో క్లర్క్ ఉద్యోగం వచ్చింది. బ్రాంచి నాంపల్లిలో. ఎస్‌ఆర్‌ నగర్‌లో గది తీసుకుని అమ్మా నేనూ ఉంటున్నాం. పొద్దున దింపేదీ, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేదీ అమ్మే. అక్కడ ఊళ్లో నాన్న ఒక్కరే. ఇలా ఎన్నాళ్లు? నా దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ బాగానే వాడతాను. కానీ రోడ్డు మీద గూగుల్ మ్యాప్స్ పెడితే అది చెప్పేది అర్థంకాక టెన్షన్ వచ్చేస్తుంది. ఒక ఫ్రెండ్ ఐఫోన్ కొని బ్లైండ్‌స్క్వేర్ వేసుకోమంటున్నాడు. ఇంకొకరు సౌండ్‌స్కేప్ బాగుంటుందన్నారు, ఎంత వెతికినా దొరకలేదు. జీతం కూడబెట్టి ఐఫోన్ కొనమంటారా? ఏ యాప్ ఉంటే నేను ఒక్కదాన్నే వెళ్లి రాగలను?

జవాబు: ఈ ఒక్క పని కోసమైతే ఐఫోన్ కొనకండి. ఐఫోన్ మంచిది కాదని కాదు. 2009లో వచ్చిన 3జీఎస్ మోడల్ నుంచి తెర చదివే వాయిస్‌ఓవర్ ఫోన్‌లోనే ఉంటోంది, చూపులేని వాళ్ల కోసం రాసిన యాప్‌లు చాలాకాలం దానికే ముందుగా వచ్చాయి. మీ చేతిలో ఇప్పటికే అది ఉండి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. కానీ మీకు చేతులు తిరిగింది టాక్‌బ్యాక్‌తో. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, కొత్త దారి. వీటికి తోడు కొత్త ఫోన్ సైగలు కూడా ఇప్పుడే నేర్చుకోవడం ఎందుకు?

సౌండ్‌స్కేప్ దొరకకపోవడంలో మీ పొరపాటేమీ లేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2018లో ఐఫోన్ కోసం తెచ్చింది. వెళ్లాల్సిన చోటి నుంచే ఒక శబ్దం వస్తున్నట్టు చెవుల్లో వినిపించేది, అటువైపు తిరిగి నడవడమే. చక్కటి ఆలోచన. 2023లో కంపెనీ దాన్ని ఆపేసి, కోడ్‌ను అందరికీ వదిలేసింది. ఆ కోడ్ మీద కట్టిన వాయిస్‌విస్టా లాంటివి ఐఫోన్‌లో నడుస్తున్నాయి. అంత పెద్ద కంపెనీ యాపే అలా ఆగిపోయిందంటే, రోజువారీ ప్రయాణాన్ని ఒకే యాప్‌కు కట్టెయ్యకూడదని నేను ఎందుకంటానో మీకే తెలుస్తుంది.

ఇక బ్లైండ్‌స్క్వేర్. 2012లో ఫిన్లాండ్‌లో పుట్టింది, ఐఫోన్‌కే, డబ్బు పెట్టి కొనాలి. నడుస్తుంటే పక్కన ఏ దుకాణం ఉంది, ముందు ఏ కూడలి వస్తోంది అని చెబుతుంది. ఆ సమాచారాన్ని అది తయారు చేసుకోదు, ఫోర్‌స్క్వేర్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే రెండు చోట్ల నుంచి తెచ్చుకుంటుంది. అక్కడ మీ వీధి గురించి ఎవరైనా రాసి ఉంటేనే మీకు వినిపిస్తుంది. హెల్సింకీలో ఉండే మనిషికి అది చేసే మేలు, నాంపల్లిలో మీకు అంతే చేస్తుందని నేను చెప్పలేను. యాప్ ఎంత తెలివైనదైనా వెనక ఉన్న మ్యాప్‌లో లేనిదాన్ని పలకలేదు.

మీరు అడిగింది ఏ యాప్ అని. కానీ మీ ప్రయాణంలో మూడు వేరువేరు పనులున్నాయి. ఇంటి నుంచి స్టేషన్‌కు దారి చెప్పడం ఒకటి. దారిలో ఆగినప్పుడు నేనెక్కడున్నాను, చుట్టూ ఏముంది అని తెలియడం ఇంకొకటి. చివరి పదడుగుల్లో సరైన గేటును పట్టుకోవడం మూడోది. ఈ మూడింటినీ బాగా చేసే యాప్ నేను చూడలేదు. కాలికింద గుంట ఉందా, బైకు అడ్డంగా పెట్టారా అన్నది నాలుగోది, అది మాత్రం ఎప్పటికీ మీ చేతికర్ర పనే. మీ ఉత్తరం మొత్తంలో కర్ర మాట ఎక్కడా లేదు. అమ్మ చెయ్యి పట్టుకుని నడవడం అలవాటై కర్ర పక్కన పడేశారేమోనని నా అనుమానం. అదే నిజమైతే యాప్ సంగతి తర్వాత. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పునరావాస విభాగం ఉంది. అక్కడికి వెళ్లి కర్రతో నడిచే శిక్షణ, అంటే ఓ అండ్ ఎం (ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ), గురించి అడగండి. ఆర్‌పీ వచ్చినవాళ్లు, అందులోనూ చిన్నప్పుడు కాస్త చూపున్నవాళ్లు, కర్ర పట్టుకోవడానికి మొహమాటపడతారు. నేనూ చూపులేనివాణ్ణే కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను.

జీపీఎస్ ఎంతవరకు నిజం చెబుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం, పైన ఆకాశం పూర్తిగా తెరిచి ఉన్నచోట స్మార్ట్‌ఫోన్ మీ స్థానాన్ని సుమారు 4.9 మీటర్ల లోపు చెబుతుంది. కారులో వెళ్లేవాళ్లకు అది చాలు. మనకు ఆ 5 మీటర్లంటే ఫుట్‌పాత్‌కూ బస్సు వెళ్లే వరసకూ మధ్య తేడా. పైగా అది తెరిచిన ఆకాశం కింద లెక్క. మీరు నడిచే దారిలో చాలా భాగం మెట్రో పిల్లర్ల కింద ఉంటుంది. నెత్తిన కాంక్రీటు, రెండు పక్కలా మేడలు. ఉపగ్రహం సిగ్నల్ గోడలకు తగిలి తిరిగి వస్తుంది, ఫోన్ మిమ్మల్ని రోడ్డుకు అవతలి వైపున ఉన్నట్టు చూపిస్తుంది, ఒక్కోసారి పక్క సందులో కూడా. అదే మీరు మెట్లెక్కి రైల్లో కూర్చుంటే సిగ్నల్ కొంత మెరుగ్గా వస్తుంది, ఎందుకంటే అప్పుడు మీరే ఆ కాంక్రీటు పైన ఉంటారు. అందువల్ల రోడ్డుకు ఏ పక్క ఉన్నాను, ఇప్పుడు దాటొచ్చా అనే రెండు ప్రశ్నలూ ఫోన్‌ను ఎప్పుడూ అడగకండి. పక్కనున్న మనిషిని అడగండి.

ఇక గూగుల్ మ్యాప్స్. అది మిమ్మల్ని కంగారుపెట్టడానికి కారణాలు నాకు తెలుసనే అనుకుంటున్నాను. మొదటిది, బయలుదేరగానే అది "నైరుతి వైపు వెళ్లండి" అంటుంది. వాస్తు పట్టింపులున్న ఇంట్లో పుట్టినా సరే, రోడ్డు మీద నిలబడ్డప్పుడు నైరుతి ఎటో ఎవరికి తెలుసు? దీనికి మందు, ఇంట్లోనే దారిని వినేయడం. గమ్యం పెట్టి, నడక గుర్తును ఎంచుకుని, నావిగేషన్ మొదలుపెట్టకుండానే మలుపుల జాబితా తెరవండి. ఒక్కో వేలిసైగకు ఒక్కో మలుపు చదువుతుంది. మ్యాప్ బొమ్మ మీద వేలు పెట్టి తిప్పితే ఏమీ రాదు, ఆ భాగాన్ని వదిలేయండి. గది గేటు దాటాక ఎడమా కుడా అన్నది అమ్మతో ఒకసారి ఖాయం చేసుకుంటే ఆ నైరుతితో మీకు పని ఉండదు.

రెండోది, రెండు గొంతులు ఒకేసారి మాట్లాడటం. టాక్‌బ్యాక్ ఏదో చదువుతుంటుంది, మధ్యలో మ్యాప్స్ ఏదో అంటుంది, రెండూ ఒకే గొంతు. దీనికి చాలా తేలికైన ఉపాయం ఉంది. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులో దారి చెబుతోంది. దాని నావిగేషన్ సెట్టింగ్స్‌లో గొంతును విడిగా ఎంచుకోవచ్చు. మ్యాప్స్‌ను తెలుగులో పెట్టి, టాక్‌బ్యాక్‌ను ఇంగ్లిష్‌లో ఉంచండి. ఇక తెలుగు వినిపిస్తే దారి, ఇంగ్లిష్ వినిపిస్తే తెర. బ్యాంకులో ఎలాగూ ఇంగ్లిష్ గొంతుకు అలవాటు పడాల్సిందే.

మూడోది, మలుపు మలుపుకూ మధ్య అది మౌనంగా ఉండటం. సరిగ్గానే వెళ్తున్నానా, దాటిపోయానా అని గుండె దడ. గూగుల్ దీనికోసమే 2019 అక్టోబరులో, ప్రపంచ దృష్టి దినం నాడు, నడిచేవాళ్లకు వివరంగా చెప్పే వాయిస్‌ను తెచ్చింది. మొదట అమెరికాలో ఇంగ్లిష్‌కు, జపాన్‌లో జపనీస్‌కు. మీరు సరైన దారిలోనే ఉన్నారు, మలుపు ఇంకా ఇంత దూరం, ముందు పెద్ద కూడలి వస్తోంది, జాగ్రత్త అని చెబుతూ ఉంటుంది. నావిగేషన్ సెట్టింగ్స్‌లో కింద, నడకకు సంబంధించిన ఆప్షన్లలో ఉంటుంది. మీ ఫోన్‌లో, మీరు ఎంచుకున్న భాషలో ఆ ఆప్షన్ వస్తే వెంటనే ఆన్ చేయండి.

చుట్టూ ఏముందో చెప్పే రెండో పనికి లజరిల్లో వేసుకోమంటాను. చిలీ దేశంవాళ్లు చూపులేని వాళ్ల కోసమే చేసింది, ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. ఫోన్ పర్సులో పెట్టుకుని నడుస్తుంటే దగ్గర్లోని చోట్ల పేర్లు చెబుతుంది. ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. ఒకటి రెండు రోజులు ఊరికే వింటూ నడవండి, ఏ పేరు ఎక్కడ వినిపిస్తోందో గమనించండి. అది సరిపోక, నెట్ లేకుండా కూడా పనిచేయాలి అనిపిస్తే ఓఎస్ఎమ్అండ్ అని ఒకటి ఉంది. తెలంగాణ మ్యాప్ మొత్తం ఫోన్‌లోకి దించుకోవచ్చు. మీరు గుర్తుపెట్టుకున్న చోట్లు దగ్గరపడితే గట్టిగా పలికేలా కూడా పెట్టుకోవచ్చు. దాన్ని నేను ఇష్టంగా వాడతాను, కానీ మొదటి నెలలో మీకు ఇవ్వను. తెర నిండా బటన్లే, సెట్టింగ్స్ ఒక అడవి. సెలవు రోజున, ఇంట్లో కూర్చుని తీరిగ్గా నేర్చుకోవాల్సిన యాప్ అది.

ఇక అసలు విషయం గేటు. మ్యాప్‌లో మీ బ్యాంకు పేరు కొడితే అది తీసుకెళ్లేది భవనం మీద ఎవరో పెట్టిన గుర్తు దగ్గరికి. ఆ గుర్తు భవనం మధ్యలో ఉండొచ్చు, వెనక సందు వైపు ఉండొచ్చు, బ్రాంచి మారకముందు పాత చోట కూడా ఉండొచ్చు. మీకు కావాల్సింది గేటు. కాబట్టి మన గుర్తులు మనమే పెట్టుకోవాలి. ఒక ఆదివారం అమ్మతో వెళ్లండి. బ్యాంకు గేటు ముందు సరిగ్గా నిలబడి, ఫోన్ స్థిరపడేదాకా కాసేపు ఆగి, ఆ చోటును సేవ్ చేసి "బ్యాంకు గేటు" అని తెలుగులో పేరు పెట్టండి. టాక్‌బ్యాక్‌తో మ్యాప్ మీద నొక్కిపట్టి గుర్తు పెట్టడం విసుగు పుట్టిస్తుంది. ఆ ఒక్క పనికి టాక్‌బ్యాక్ ఆపేసి ఫోన్ అమ్మకో, చూపున్న ఇంకెవరికో ఇవ్వండి. అందులో నామోషీ ఏమీ లేదు. అలాగే గది గేటు, మెట్రో లిఫ్టు, మెట్లు మొదలయ్యే చోటు, రోడ్డు దాటే సిగ్నల్, తెరిచిన మ్యాన్‌హోల్ ఉన్న మలుపు. హైదరాబాద్ మొత్తం మ్యాప్ కంటే మీరు పెట్టుకున్న ఈ కొన్ని గుర్తులే మీకు ఎక్కువ పనికొస్తాయి. ఫోన్ మార్చినా అదే గూగుల్ అకౌంట్‌తో అవి వచ్చేస్తాయి.

మీ దారి విషయంలో మీకు అదృష్టం ఉంది. ఎస్‌ఆర్‌ నగర్, నాంపల్లి రెండూ మెట్రో రెడ్ లైన్ మీదే, రైలు మారక్కర్లేదు. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, ఆ తర్వాత నాంపల్లి. రైల్లోనే తెలుగులో స్టేషన్ పేరు చెబుతారు, దానికి యాప్ అక్కర్లేదు. అమీర్‌పేటలో జనం ఎక్కి దిగే గొడవలో అనౌన్స్‌మెంటు మిస్ అయినా ఫర్వాలేదు, మిగతా స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. మీకు చిక్కు వచ్చేది స్టేషన్ నుంచి కిందికి దిగేటప్పుడు. స్టేషన్‌కు ఏ, బీ, సీ, డీ అంటూ ఆర్మ్‌లుంటాయి కదా, ఏ ఆర్మ్‌లో దిగితే బ్యాంకు ఉన్న వైపే దిగుతారో ముందే తెలుసుకోండి. ఆ ఒక్క అక్షరం గుర్తుంటే నాంపల్లి రోడ్డు దాటే పనే తప్పిపోవచ్చు. ఎస్‌ఆర్‌ నగర్‌లోనూ అంతే, తిరిగొచ్చేటప్పుడు ఏ వైపు దిగాలో చూసుకోండి. రోడ్డును కింద దాటడం కంటే స్టేషన్ లోపలి నుంచి అవతలికి వెళ్లడమే మేలు, కొంచెం ఎక్కువ నడిచినా సరే. టికెట్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకు మొదటి వారంలోనే మీ ముఖం పరిచయం చేసుకోండి.

మెట్రో ఆగిన రోజు బస్సే. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్ 2023లో వచ్చింది, బస్సు ఎక్కడుందో చెబుతుంది. కానీ మీ ముందు వచ్చి ఆగింది ఆ బస్సేనా అన్నది పక్కవాళ్లను అడగాల్సిందే. ఆటో అయితే గమ్యానికి మీరు సేవ్ చేసుకున్న గుర్తునే పెట్టండి.

చివరి పదడుగుల కోసం బీ మై ఐస్ పెట్టుకోండి. డెన్మార్క్‌లో 2015లో మొదలైంది, ఆండ్రాయిడ్‌కు 2017లో వచ్చింది. మీ కెమెరా ద్వారా చూసి, "మీ ఎడమ పక్కన ఉన్నదే గేటు, ముందు రెండు మెట్లున్నాయి" అని చెప్పే వలంటీర్లు వీడియో కాల్‌లో దొరుకుతారు. భాషల్లో తెలుగు కూడా పెట్టుకోండి. నిలబడి ఉన్నప్పుడే కాల్ చేయండి. రోడ్డు దాటుతూ మాత్రం వద్దు, అవతలివాళ్లకు కనిపించేది మీ కెమెరా చూపించే ముక్క మాత్రమే, పక్కనుంచి వచ్చే బైకు వాళ్లకు కనిపించదు. బ్యాంకు లోపల ఆ యాప్ అసలు తెరవకండి. కస్టమర్ల పాస్‌బుక్కులు, చెక్కులు కెమెరాలో పడితే మీ ఉద్యోగానికే చిక్కు.

చెవుల సంగతి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోడ్డు మీద నడవకండి. ఒక చెవికే పెట్టుకోండి, వీలైతే చెవి మూయకుండా ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ కొనుక్కోండి. వాహనాల చప్పుడే మనకు మొదటి మ్యాప్. ఫోన్ చేతిలో పట్టుకుని నడవద్దు, మెడలో పర్సులో వేసుకోండి. పవర్ బ్యాంకు ఎప్పుడూ బ్యాగులో ఉండాలి, జీపీఎస్ ఛార్జింగ్‌ను ఇట్టే తాగేస్తుంది.

ఇప్పుడున్న ఫోన్‌లో ఒక్కటి చూసుకోండి, దిక్సూచి సెన్సర్ ఉందా లేదా. చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నింటికి అది ఉండదు. అది లేకపోతే మీరు నిలబడి ఉన్నప్పుడు ఎటు తిరిగి ఉన్నారో ఫోన్‌కు తెలియదు, నడవడం మొదలుపెట్టాకే తెలుస్తుంది. ఏదైనా కంపాస్ యాప్ తెరిచి ఒకచోట నిలబడి చుట్టూ తిరగండి, దిక్కు మారుతూ పలికితే ఉన్నట్టే. లేదని తేలితే అప్పుడు ఫోన్ మార్చడంలో అర్థముంది. అప్పుడు కూడా ఐఫోనే కానక్కర్లేదు, దిక్సూచి ఉండి, ఎల్1, ఎల్5 అనే రెండు రకాల సిగ్నళ్లనూ పట్టే ఆండ్రాయిడ్ తీసుకోండి. రెండూ పట్టే ఫోన్‌కు మేడల మధ్య తడబాటు కొంత తగ్గుతుంది.

అమ్మ గురించి. ఆవిడ భయం తీరడానికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంది, 8 గంటల దాకా పెట్టొచ్చు. అయితే ఒక ఒప్పందం చేసుకోండి, మీరు నడుస్తున్నప్పుడు ఆవిడ ఫోన్ చెయ్యకూడదు. కాల్ రాగానే దారి చెప్పే గొంతు ఆగిపోతుంది, సరిగ్గా మలుపు దగ్గరే ఆగుతుంది. చేరాక మీరే చేస్తారు. మొదట్లో కొన్నాళ్లు ఆవిడను మీ వెనక కాస్త దూరంగా, ఏమీ మాట్లాడకుండా రమ్మనండి. మీరు గుంటలో కాలు పెట్టబోతే తప్ప నోరు విప్పకూడదు. అమ్మలకు ఇది చాలా కష్టం, ముందే చెప్పి ఒప్పించండి. తర్వాత స్టేషన్ దాకే, ఆ తర్వాత గది గేటు దాకే.

కొలువులో చేరారు కాబట్టి ఇంకో మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు వికలాంగ ఉద్యోగులకు తగిన సదుపాయాలు కల్పించాలి. స్క్రీన్ రీడర్‌కైనా, ఇతర పరికరాలకైనా మీ బ్యాంకు ఏమి ఇస్తుందో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా వద్దు. ఐఫోన్ కోసం దాచిన డబ్బులో కొంత తీసి మంచి మడత కర్ర ఒకటి, ఇంట్లో ఉంచడానికి ఇంకొకటి కొనండి. కర్ర నడుము కింద ఉన్నవాటినే పట్టిస్తుంది. వేలాడే కేబుళ్లు, లారీ వెనక భాగం తలకు తగులుతుంటే, కర్రకు తగిలించే స్మార్ట్‌కేన్ అని ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారుచేసినది ఉంది. 3 మీటర్ల లోపు మోకాలి నుంచి తల దాకా ఏది అడ్డొచ్చినా చేతిలో వణుకుతుంది. అది కూడా శిక్షణలో చేతికిచ్చి చూపించమని అడిగాకే కొనండి.